నీళ్లెన్ని తాగుతవ్

పొద్దుగాల నాలుగున్నర.
షార్జా, సజా రోడ్డు. బస్సు అద్దాల మీద
సముద్రం ఊదిన తేమ.
నర్సులు ఎక్కుతరు,
సగం నిద్ర, సగం అల్లిన జడ.

ఏడేండ్ల సంది వాళ్లను వెనక అద్దంలనే చూసిన.
నోరు తెరిచింది మొన్న చలికాలం:
"సిస్టర్, మా ఊర్లె రెండు రోజులు
దవాఖాన పెట్టాల్నని ఉంది."
లిస్సీ సిస్టర్ నవ్వుతదనుకున్న.
"ఎంత మందికి?" అన్నది, జడ అల్లుకుంటనే.
పచ్చలైటు పడ్డా బండి కదిలియ్యలే.
వెనక సిమెంటు లారీ మొత్తుకున్నది.

శుక్రవారం మా రూముల మీటింగు.
పన్నెండు మంచాలు, పద్దెనిమిది మంది,
రైస్ కుక్కర్ మూతల పైసలు.
పోశెట్టి యాభై దిర్హాములేసి
ఇరవై వాపసు తీసుకున్నడు,
వాకిలి దాక పోయి
మళ్లొచ్చి ఆ ఇరవై కూడ ఏసిండు.
ఎవరూ ఏమనలే.

ఊరికి పోయేటోళ్ల ముప్పై కిలోలల్ల
మూడు కిలోలు మనయి అని తీర్మానం.
దుప్పటి తీసేసి షుగర్ చూసే పట్టీలు పెట్టిండు గంగాధర్.
వాని పెండ్లాం వారం దాక ఫోన్ ఎత్తలే.

గొల్లమడుగు నుంచి ఆశ వర్కర్ సుగుణక్క
రాత్రి పదకొండుకు మెసేజి మీద మెసేజి:
బడి ఇస్తమన్నరు గని పరీక్షలైనంకనే.
ఆడోళ్లు మొగ డాక్టరు ముందల
కడుపునొప్పి అని తప్ప ఇంకేం చెప్పరు,
అడ్డం కట్ట పాత చీరెలు నా దగ్గరున్నయ్.
కరెంటు సంగతి మాత్రం నన్నడుగకు.

డాక్టర్ నుస్రత్ మేడం, కోరుట్లామె,
ఒక కాయితం గీసిచ్చింది.
పేరు, వయసు, బాధ.
ఆఖరుకు ఇంకొక గడి:
గల్ఫుల ఎన్నేండ్లు?
అదెందుకు మేడం అన్న.
నింపినంక నువ్వే చూడు, అన్నది.

నిండిన కాయితాల ఫోటోలు నలభై ఒకటి.
దవాఖాన పార్కింగుల ఇంజను బందు చేసి చదివిన.
బద్దం రాజలింగం, నలభై నాలుగు, కాళ్ల వాపు, పదకొండేండ్లు.
కనకయ్య, ముప్పై తొమ్మిది, మూత్రంల మంట, ఆరేండ్లు.
సాయన్న, యాభై, అడిగితే చెప్తలేడు, తొమ్మిదేండ్లు.
ఎల్లేశం, నలభై ఆరు,
వారానికి రెండు మాట్ల కరీంనగర్ల రక్తం కడుగుతున్నరు,
పద్నాలుగేండ్లు.

ఎల్లేశమన్న మంచమే ఇప్పుడు నాది.
ఇనుప పట్టీ మీద మొలతోని గీకిన ఆయన పేరు
పక్కకు తిరిగితే భుజానికి తాకుతది.
నేనొచ్చిన కొత్తల, పందొమ్మిదో అంతస్తుల,
జూలై ఎండల,
అదే భుజం మీద చెయ్యేసి చెప్పిండు:
"నీళ్లు తక్కువ తాగు తమ్మీ.
పాయకానకు దిగి ఎక్కితే అరగంట,
అరగంట పోతే ఫోర్‌మన్ పూట కోస్తడు."
ప్రేమతోనే చెప్పిండు.
లైసెన్సు దొరికి నేను కిందికి దిగేలోపట
ఆ మాట ఇంక ముగ్గురికి చెప్పిన.
ప్రేమతోనే.
పోశెట్టి అండ్ల ఒకడు.

మార్చిల టికెట్లు తీసుకున్నరు.
నలుగురు సిస్టర్లు, సొంత సెలవు, సొంత పైసలు.
"మందులు సరే, మీ భాషల ఏమని అడగాలె?"
స్టీరింగు పట్టుకునే నేర్పుతున్న.
నొప్పి యాడ? ఎన్ని దినాల సంది?
చీకట్ల బస్సు బస్సంత ఒక్కతీరుగ అంటది,
వాళ్ల నాలికల మీద మా ఊరు
కుంటుకుంట నడుస్తది.

ఇయ్యాల మూడో ప్రశ్న.
"నీళ్లెన్ని తాకుతవ్?"
తాకుతవ్ కాదు సిస్టర్, తాగుతవ్.
బస్సంత నవ్వింది. ఎర్రలైటు పడ్డది.
లిస్సీ సిస్టర్ ఈసారి పలుకులు సరిజేసుకొని
అద్దంల సక్కగ నా దిక్కే చూసి అడిగింది.

సీటు పక్కన సీసా.
నిన్న పొద్దున పెట్టిందే.
మూత ఇంక తియ్యలే.